గురువు కర్రకు అడ్డం

దక్షిణ చైనాలో, ఫొషాన్ పట్టుమిల్లు గేటు ముందు కర్ర లేచింది. లో యిన్ మణికట్టు విరిగింది. పద్నాలుగు గంటల పనిని పదికి తగ్గించమని సమ్మె కట్టిన నేతగత్తెల్లో ఆమె మొదటిది. కొట్టినవాడు చౌ ఫాట్. ఆ దెబ్బ వాడికి రెండేళ్లు దగ్గరుండి నేర్పింది మాక్ హింగ్. అదే మిల్లులో నేతగాడు, ఫాట్ కర్రసాము నేర్చిన గరిడీలోనే పెద్ద శిష్యుడు. చూస్తూ కొయ్యబారిపోయాడు.

గరిడీలో ఉన్నదంతా కూలోళ్ల పిల్లలే. ముసలి గురువు ఔ సెక్ వాళ్లకు అన్నం పెట్టి సాము నేర్పాడు. కరువొచ్చిన ఏడు మిల్లు యజమాని పూన్ ఆ గరిడీకి బియ్యం తోలించాడు. ఇప్పుడు అందుకు బదులుగా మనుషుల్ని అడిగాడు, సమ్మె విరగ్గొట్టడానికి.

సమ్మె మీదికి మనవాళ్లని పంపొద్దని హింగ్ వెళ్లి గురువు ముందు మోకరిల్లాడు. నలభై మంది శిష్యులూ చుట్టూ చేరారు. గురువు మాట దాటితే విద్య నిలవదని కొందరు, అక్కచెల్లెళ్ల చేతులు విరవడానికా ఈ విద్య అని కొందరు వాదించుకున్నారు. ఫాట్ తల ఎత్తలేదు.

"తిన్న ఉప్పుకి ద్రోహం చెయ్యమంటావురా?" అన్నాడు గురువు.

"ఆ ఉప్పు ఎవరి చెమటో అడగండి గురువుగారూ."

ముసలాయన అతని భుజం పట్టి లేపాడు.

"మాటిచ్చాన్రా. మాట తప్పితే మన సాము లోకంలో నన్ను గురువనేవాడుండడు. రేపు అడ్డం రాకు. వస్తే శిష్యుడివని చూడను."

మర్నాడు పొద్దున సమ్మె జనం చేయీ చేయీ పట్టుకుని గేటు ముందు బారులు తీరారు. అందరికంటే ముందు హింగ్. గురువే స్వయంగా వచ్చి శిష్యుల్ని వాళ్ల మీదికి కదలమన్నాడు. నలభై మందిలో ఒక్కడూ కదల్లేదు. పూన్ మేడమీంచి చూస్తున్నాడు. నలుగురిలో తల తీసేసినట్టయి, ముసలాయన తనే కర్ర ఎత్తాడు.

దాన్ని ఎలా ఆపాలో హింగ్‌కి తెలుసు. కానీ గురువు మీదికి చెయ్యి లేవలేదు. పక్కకు తప్పుకుందామంటే వెనక ఆడవాళ్లున్నారు. దెబ్బ కణతకు తగిలింది. మూడోరోజున హింగ్ ప్రాణం పోయింది.

శవాన్ని ఊరేగించకూడదని ఊళ్లో దిగిన సర్కారు పటాలం చాటింపు వేయించింది. అయినా శవపేటిక లేచింది. గరిడీ గుమ్మంలో గురువు ఔ సెక్ నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ తిట్టలేదు. ఎవరూ దండం కూడా పెట్టలేదు. ఫాట్ పేటిక పట్టబోయి, లో యిన్‌ని చూసి ఆగిపోయాడు. వాడి కళ్లు కారిపోతున్నాయి.

"ఏడుపు తర్వాత. ముందు భుజం పట్టరా," అంది ఆమె.

వంతెన దగ్గర తుపాకులు అడ్డం నిలిచాయి. మోసేవాళ్లు పేటిక దించలేదు. మిగిలిన గరిడీవాళ్లంతా వెనకనుంచి వచ్చి నేతగత్తెల వరుసల్లో కలిశారు. ఎవరూ పరిగెత్తలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ వంతెన ఎక్కారు.