పాట లేని పాడె

మదనపల్లెలో సన్మానం ముగిసీ ముగియకముందే హరిత ఫోను వచ్చింది. "అన్నా, మా నాయన పోయినాడు. పొద్దు గూకేలోపల ఎత్తేస్తారు. వస్తావా?"

మెడలో శాలువా అట్లాగే ఉండగా మునిశేఖర్ కారెక్కాడు. మాండలిన్ పెట్టె పక్క సీట్లో పెట్టుకున్నాడు.

పోయినవాడు చిన్నాయన వెంకటేశులు. చిన్నప్పుడే తల్లి పోతే, మునిశేఖర్‌ను కుప్పం దగ్గరి పల్లెలో ఆయనా, పిన్నమ్మ తిమ్మక్కా పెంచారు. మాండలిన్ చేతికిచ్చి పుంగనూరు బ్యాండుసెట్టులో చేర్చిందీ ఆయనే. అక్కడినుంచి మద్రాసు స్టూడియోల్లో పదిమందిలో ఒకడుగా వాయించి, చివరకు సినిమాలకు పాటలు కట్టేదాకా ఎదిగాడు మునిశేఖర్. వెనక్కి తిరిగి చూసింది మాత్రం తక్కువ.

పుంగనూరు దాటుతుంటే టమాటాల టెంపో ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. దాంట్లో తన పాటే. ఊరూరా పెళ్లి ఊరేగింపుల్లో జనం ఎగిరే పాట.

"సార్, ఇది మీదే గదా!" అంటూ డ్రైవరు స్టీరింగు మీద తాళం వేశాడు. మునిశేఖర్ అద్దం ఎక్కించాడు.

అది తనది కాదు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు పోయినా తిమ్మక్కను పిలిచేవాళ్లు. పోయినవాళ్లను పేరుపెట్టి పిలిచి, వాళ్లు దున్నిన చేను, తాగిన బావి, కన్న బిడ్డలు అన్నీ చెప్పి సాగనంపే పాట ఆమెది. ఆమె పాడందే పాడె ఎత్తేవాళ్లు కారు. ఒకసారి డైరెక్టరు ఎదురుగా కూర్చుని, "జనం కుర్చీల్లోంచి లేవాలి" అంటే, ఏదీ తోచక మునిశేఖర్ ఆ వరసనే మాండలిన్ మీద వేగంగా మీటాడు. డైరెక్టరు లేచి గంతులేశాడు. అంతే, అదే ఈ పెళ్లి ఊరేగింపుల పాటయింది.

శాలువా కారులోనే పడేసి దిగాడు. వాకిట్లో పాడె సిద్ధంగా ఉంది. తిమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

"పిన్నమ్మ పాడలేదా?" అని హరితను అడిగాడు.

హరిత పక్కకు లాగింది. "యాడ పాడతాదన్నా? గంగులప్ప సచ్చినప్పుడు పాట ఎత్తుకునింది. పిల్లోళ్లు ఈలలేసినారు. ఒగడు ఎగిరినాడు గూడా. గంగులప్ప పెండ్లామే పాపం ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకోని నవ్వింది. ఆ పొద్దునుంచి అమ్మ ఎవురింటికీ పోలేదు."

తిమ్మక్క అతణ్ణి చూసి చెయ్యి ఊపి పిలిచింది. "వొచ్చినావా అప్పా. నీ వాయిద్దెం తెచ్చినావా?"

"తెచ్చినాను పిన్నమ్మా."

"అట్లయితే ఇంకో వరస కట్టియ్యి. నువ్వు కట్టేవాడివే గదా. మీ చిన్నాయన్ను ఉత్తగా ఎట్ల పంపేది?"

తిట్టి ఉంటే బాగుండేది. మునిశేఖర్ పెట్టె తెరిచి తీగ మీటాడు. వచ్చింది ఒక సినిమాలోది. మార్చాడు. అది ఇంకో సినిమాలోది. వేలు పడిన చోటల్లా ఎవడో ఒక హీరో ఎగురుతున్నాడు.

"ఇంకెంతసేపప్పా? పొద్దు వాలుతాండాది," అన్నాడు పాడె దగ్గర నిలబడిన లక్ష్మయ్య.

"ఉండబ్బా, మద్రాసు మిషను వేడెక్కాల గదా," అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన.

మునిశేఖర్ తల ఎత్తలేదు. "రావడంలేదు పిన్నమ్మా."

తిమ్మక్క లేచింది. పాడె పక్కన నిలబడి పాట మాటలు చెప్పింది. పాడలేదు, చెప్పింది.

"వెంకటేశులూ, ఏనుగులు రాగిచేను తొక్కతాంటే చెట్టెక్కి డబ్బా కొట్టినోడా. తల్లిలేని బిడ్డ చేతికి వాయిద్దెం ఇచ్చినోడా. నాకంటే ముందు పోతాండావా..."

వరస లేని మాటలు రాళ్లలా ఒక్కొక్కటే కిందపడ్డాయి. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏడవనూ లేదు. కన్నకూతురు హరితకు కూడా కన్నీళ్లు రాలేదు. ఆ వరసే ఉండి ఉంటే వాకిలంతా ఒక్కసారిగా గొల్లుమనేదని మునిశేఖర్‌కు తెలుసు.

అతను పాడెకు భుజం పట్టబోతుంటే తిమ్మక్క చెయ్యి పట్టుకుంది.

"పోతే పోయిందిలే అప్పా. పెండ్లిండ్లలో అన్నా బతికుండాది. నేను పోయే తూరికి మాత్రం ఒగటి కట్టుకోని రా. ఆలీసం సెయ్యొద్దు."

పాడె కదిలింది. మోసేవాళ్ల అడుగులు నాలుగు వీధులు దాటకముందే కలిసిపోయి ఒక తాళమయ్యాయి. అది తన పెళ్లి ఊరేగింపుల పాట తాళమేనని మునిశేఖర్ గుర్తుపట్టాడు. కావాలనే అడుగు తప్పించాడు. పాడె ఒక పక్కకు ఒరిగింది.

"సక్కగా నడువప్పా!" అని ముందునుంచి లక్ష్మయ్య కసిరాడు.