కంఠతా వచ్చిన చార్టు

పటాన్‌చెరులో కంపెనీ బస్సు ఆగే మలుపు దగ్గర, ఆ సాయంత్రం ఏడేళ్ల గ్లోరియా పరుగెత్తుకొచ్చి ధనలక్ష్మి నడుము చుట్టేసుకుంది. ధనలక్ష్మి ఆ పిల్ల తల్లి కాదు. తల్లి బ్యూలా పది అడుగుల అవతల నిలబడి చెయ్యి ఊపుతోంది. ఇద్దరూ ఒకే మందుల కంపెనీలో పనిచేస్తారు, ఇద్దరి చీరల మీదా ఒకేలాంటి నీలం కోటు.

"ఓ బ్యూలా, నీ బిడ్డ నన్నే అమ్మా అంటున్నది. ఇగ నేనే సాదుకుంట తియ్యి," అంది ధనలక్ష్మి. "నువ్వు పొద్దున డబ్బా కట్టి పంపు, చాలు."

బస్సు దిగినవాళ్లంతా నవ్వారు. బ్యూలాకు నవ్వు రాలేదు. బిడ్డ తుమ్మితేనే నుదురు పట్టి చూసే మనిషి ఆమె. పోయిన వారం టీచరు అన్న మాట అప్పటికే గుండెలో గుచ్చుకుని ఉంది: "మీ పాప బోర్డు మీదిది రాసుకోదమ్మా. పక్కపిల్ల నోట్సులోకి తొంగి చూస్తది. చదువు మీద ధ్యాస లేదు."

ధ్యాస లేని పిల్ల సండే స్కూల్లో బైబిల్ వాక్యాలన్నీ అప్పజెప్పి బహుమతి ఎలా తెచ్చుకుంటుంది? ఒక్కసారి వింటే చాలు, గ్లోరియా మరిచిపోదు.

"కండ్లు చూపిద్దామా?" అని భర్త థామస్‌ను అడిగింది.

"బడిల చూసి చీటీ ఇచ్చిండ్రు కదనే, రెండు కండ్లు మంచిగున్నయని. నువ్వు ఉత్తగనే పరేషాన్ అయితవు."

ఆ చీటీని బ్యూలా బైబిల్లో పెట్టి దాచింది. తీసి మళ్లీ చూసింది. నిజమే, అలాగే రాసి ఉంది. అయినా మనసు ఒప్పలేదు. కన్నతల్లిని పోల్చుకోలేని కళ్లు మంచివెలా అవుతాయి? గురువారం పనికి సెలవు. బిడ్డను తీసుకుని బస్టాండు దగ్గరి కళ్ల దవాఖానకు వెళ్లింది.

కళ్లు చూసే శ్రీలత మేడం, బ్యూలా చెప్పిన బస్సు దగ్గరి సంగతి విని, గ్లోరియాను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడ మీద దీపం వెలుగుతున్న పలకను చూపింది.

"కింది వరుస చదువు బిడ్డా."

"డి, ఇ, ఎఫ్, పి, ఓ, టి, ఇ, సి," అంది గ్లోరియా గుక్క తిప్పుకోకుండా.

శ్రీలత పలక వంక చూసింది, పిల్ల వంక చూసింది. "అక్కడున్నవి అంకెలు కదరా. ఇవన్నీ నీకెవరు చెప్పిండ్రు?"

"మా అమ్మ. బోళ్లు తోముకుంట చదువుతది. బడిల కూడ గివే చెప్పిన, కరెక్టన్నరు."

బ్యూలాకు చెవులు వేడెక్కాయి.

కంపెనీలో ఆమె పని మందు సీసాలను వెలుతురుకు పట్టి, లోపల నలుసు ఉందేమో చూడటం. ఆ పని చేసేవాళ్లకు ఏటా కంటి పరీక్ష ఉంటుంది. అద్దాలు పడితే ప్యాకింగ్‌లోకి తోసేస్తారని, అక్కడ ఎనిమిది గంటలూ నిలబడాలని ఆడవాళ్లలో ఒక మాట. అది నిజమో కాదో అడిగినవాళ్లు లేరు. చార్టు మాత్రం ఏళ్లుగా మారలేదు. వరుసలో ముందు నిలబడ్డవాళ్లు చదువుతుంటే వెనకవాళ్లు పట్టేస్తారు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన బ్యూలా పరీక్ష దగ్గరపడితే ఇంట్లో వారం రోజులు వల్లె వేసేది. చేతిలోని సీసా ఆమెకు బాగానే కనిపిస్తుంది. గోడ మీది చార్టే మసక. బడిలోనూ అదే చార్టు పెట్టారన్నమాట.

శ్రీలత పిల్ల కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి చూసింది. డాక్టరు కూడా చూసి చీటీ రాశాడు.

"దగ్గరిది కనిపిస్తది, దూరంది కనిపించది. అద్దాలు పెడితే మంచిగైతది," అంది శ్రీలత. "లేవంగనే పెట్టుకోవాలె, పడుకునేటప్పుడే తియ్యాలె. పైట కొంగుతోని తుడవొద్దు, గీతలు పడ్తయి. రోజూ బయట ఆడనియ్యుండ్రి. ఆరు నెలలకు మళ్ల తీసుకరావాలె."

"ఆడపిల్ల, గీ వయసుల అద్దాలంటే..." అంది బ్యూలా.

"అమ్మెవరో తెల్వకుంట తిరిగితే మంచిగుంటదా?"

శ్రీలత పరీక్ష అద్దాలు పిల్లకు తొడిగి, తలుపు దాకా నడిపించి వెనక్కి తిప్పింది.

"అమ్మా, నీ కోటు మీద పేరున్నది!" అంది గ్లోరియా అక్కడి నుంచే.

ఏడాదిగా తొడుగుతున్న కోటు. ఆ రోజు చలికి వేసుకొచ్చింది.

పిల్ల దిగిన కుర్చీ ఖాళీగా ఉంది. బ్యూలా కొంగు సర్దుకుని వెళ్లి అందులో కూర్చుంది. కన్ను మూసుకోబోయి, ఆగింది.

"మేడం, అక్షరాల చార్టు మాత్రం పెట్టకుండ్రి. అది నాకు కంఠతా వచ్చు."

శ్రీలత నవ్వి అంకెలే ఉంచింది. పై అంకె పెద్దది, తెలిసింది. రెండో వరుసలో ఒకటి తెలిసింది, ఒకటి తెలియలేదు. మూడోది అలుక్కుపోయింది. బ్యూలా తడబడింది.

వెనక నుంచి గ్లోరియా మెల్లగా అందించబోయింది, "డి, ఇ, ఎఫ్..."

"చెప్పకు బిడ్డా," అంది బ్యూలా. "కనిపిస్తలేదు మేడం. గింతే."