వేలాడే దారం

దర్జీకి వేలాడే దారం కనబడితే చెయ్యి ఊరుకోదు. ఎదుటివాడి చొక్కాదైనా సరే, మాట్లాడుతూ మాట్లాడుతూనే కత్తిరించేస్తాడు. ఆ అలవాటే పోయినసారి కొంప ముంచింది.

అప్పుడు ఎడమ మూత్రనాళంలో రాయి తీశాక, నాళం వాచి మూసుకుపోకుండా లోపల స్టెంటు పెట్టారు. సన్నటి, మెత్తటి గొట్టం. దాని దారం కొస బయటికి వదిలి, నాలుగోరోజు లాగేస్తామన్నారు. మత్తు పూర్తిగా దిగకముందే చెప్పిన మాట, బుర్రకెక్కలేదు. రెండోరోజు స్నానాలగదిలో అది కుట్టు తాలూకు మిగులనుకుని, కత్తెర తెచ్చి నీటుగా తెంపేశాడు. గొట్టం లోపలే ఉండిపోయింది. మళ్ళీ కెమెరా పంపి తీసేదాకా పన్నెండు రోజులు అరగంటకోసారి మిషను మీంచి లేచి పరుగే. తొక్కితే నడుములో పోటు.

ఇప్పుడు కుడివైపు రాయి. బడులు తెరిచేలోగా నూట ఎనభై జతల యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి.

"డాక్టరమ్మా, దండం పెడతా. రాయి తీయండి, గొట్టం మాత్రం వద్దు."

"ముందే మాటివ్వలేను. కొలత తీసుకోకుండా మీరు గుడ్డ కోస్తారా? రాయి చిన్నదే. ముక్క మిగలకుండా వచ్చి, నాళానికి గాయం, వాపు లేకపోతే అక్కర్లేదు. అనుమానముంటే పెడతాను."

"పెడితే కత్తెర నా సంచిలోనే ఉంటుందమ్మా," అంది భార్య. "ఈయన చేతికి నా జడ చివర దొరికినా ఊరుకోడు."

మర్నాడు ఆపరేషను అయింది. మెలకువ రాగానే ఆయన చెయ్యి దుప్పటి కిందికి పోయింది. ఎంత తడిమినా దారం తగల్లేదు.

"ఒసేయ్, మత్తులో మళ్ళీ కత్తిరించేశానేమోనే!"

"దేంతో, గోళ్ళతోనా? అసలు పెట్టలేదయ్యా. నాళం శుభ్రంగా ఉందట."

దర్జీ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

సాయంత్రం మత్తంతా దిగాక డాక్టరమ్మ వచ్చింది. రెండ్రోజులు మంట ఉంటుందనీ, మూత్రం కాస్త ఎర్రగా రావచ్చనీ, నీళ్ళు బాగా తాగాలనీ చెప్పింది.

"జ్వరమొచ్చినా, నొప్పి ఆగకపోయినా వెంటనే రావాలి. అప్పుడు గొట్టం పెట్టాల్సి రావచ్చు. ఏం చెప్పానో మీరోసారి చెప్పండి."

"మంట రెండ్రోజులు. నీళ్ళు బాగా తాగాలి. జ్వరమొచ్చినా, నొప్పి ఆగకపోయినా పరిగెత్తుకు రావాలి." ఆయన చూపు ఆమె చేతి మీదికి జారింది. "డాక్టరమ్మా, మీ కోటు చేతికి దారం ఒకటి వేలాడుతోంది."

భార్య సంచిని ఒళ్ళోకి లాక్కుంది.