రెండు మోడెములు, ఒకే డిష్

గని ఆఫీసు మేడ మీద శాటిలైట్ డిష్ ఒక్కటే. కింది గదిలో మోడెములు రెండు: ఒకటి గనిది, ఇంకోటి పక్కనున్న ఆసుపత్రిది. రెంటి సిగ్నళ్లనూ పెంచి పైకి పంపే యాంప్లిఫయరు కూడా ఒక్కటే, అదీ పాతబడిపోయింది. కొత్తది కావాలని ఆపరేటరమ్మాయి అడుగుతూనే ఉంది. పైవాళ్లు ఊ అనలేదు, ఊహూ అనలేదు.

ఆసుపత్రి నర్సు ఆమెకు సొంత అక్క. గని ఫోర్‌మన్ బావ. "మీ ఇద్దరి సంసారం నా నెత్తిమీదే" అని ఆమె నవ్వుతుండేది.

ఆ మధ్యాహ్నం టిప్పరు బోల్తాపడి డ్రైవరును ఆసుపత్రికి మోసుకొచ్చారు. ఊపిరాడటం లేదు. ఛాతీలో చేరిన గాలిని సూదితో ఎలా తీయాలో పట్నం డాక్టరు తెరమీద అక్కకు చెప్పసాగాడు. అంతలో గని లోపల విషవాయువు పెరిగింది. అక్కడి ఫ్యాన్లను నడిపేది పట్నంలోని కంట్రోల్ రూము. ఇక్కడి గ్యాసు రీడింగులు అందితే తప్ప వాళ్లేం చేయలేరు.

ఒకేసారి రెండు మోడెముల బరువు పడేసరికి యాంప్లిఫయరు చేతులెత్తేసింది. తెరమీద డాక్టరు కదలకుండా ఉండిపోయాడు. రీడింగులూ ఆగాయి.

ఫోన్లో బావ అరిచాడు: "అమ్మాయ్, ఆసుపత్రి లైను తీసెయ్!"

"అక్కడ అక్క ఒక మనిషిని..."

"తెలుసమ్మా! లోపల చాలామంది ఉన్నారు."

ఆమె బొమ్మ ఆపేసి డాక్టరు మాటొక్కటే ఉంచి చూసింది. మాటా, రీడింగులూ వచ్చినట్టే వచ్చి తెగిపోయాయి. అక్క రక్తపు గ్లవుజులతోనే తలుపు తోసుకొచ్చింది.

"ఒక్క నిమిషం ఇవ్వవే. ఎక్కడ గుచ్చాలో చెప్పబోతుంటే పోయింది."

"గనిలో గ్యాసక్కా. మనుషులున్నారు."

అక్క వెనుదిరిగి పరుగెత్తింది. ఆపరేటరమ్మాయి ఆసుపత్రి మోడెమును ఆపేసింది. అక్కడ అక్క తనకు తోచిన చోట సూది గుచ్చింది.

ఫ్యాన్లు తిరిగాయి. దగ్గుకుంటూ అందరూ పైకొచ్చారు. చివరి మనిషి రాగానే అమ్మాయి ఆసుపత్రి లైను కలిపి అక్కడికి పరుగెత్తింది.

తెరమీద డాక్టరు, "చెప్పండి సిస్టర్, ఇప్పుడెలా ఉన్నాడు?" అంటున్నాడు. అక్క మంచం పక్కన నిలబడి గ్లవుజులు విప్పుతోంది. దుప్పటిని డ్రైవరు ముఖం మీదికి లాగింది.

బావ గుమ్మంలోకి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము.

"అందరూ వచ్చేశారు..." అంటూనే మంచం చూసి ఆగిపోయాడు.

"నీళ్లు తాగావా?" అని అడిగింది అక్క.