రేకుల షెడ్డులో బాలింత

దగ్గరికి రండమ్మా, రండప్పా. వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలూ ముందుకు జరగండి, నా గొంతు అంత దూరం రాదు. చదువు రానిదాన్ని. చూసింది చూసినట్టు చెబుతాను.

మన జిల్లా వేరైన మరుసటేడు వానలకు గుడిబండె దిక్కున మా ఊరి చెరువు కట్ట తెగింది. మా కూలివాళ్ల వీధిలో ఇరవై రెండు మట్టి ఇళ్లు ఒక్క పూటలో కరిగిపోయాయి. సర్కారు మమ్మల్ని బండల మీదికి చేర్చి షెడ్లు కట్టించింది. పైనా రేకే, చుట్టూ రేకే. తలుపు కాక గాలికి ఉన్నది కప్పు కింద జానెడు సందు. "మూడు నెలలే" అన్నాడు కాంట్రాక్టరు నాగేశ్. ఉగాది కూడా అక్కడే వచ్చింది. నా మనవరాలు రంజితకు నెలలు నిండాయి.

మేం కూలికి పోయేది పట్టు తీసే రేష్మె పురుగులు సాకే ఇళ్లకు. పురుగులకు వేడి తగిలితే పంట పోతుంది. అందుకే ఆ ఇళ్లకు మందం మట్టిగోడ, కింద ఒక కిటికీ, పైన ఒక కిటికీ, కప్పు మీద బోదగడ్డి. షెడ్లు చూడవచ్చిన ఇంజనీరును మా వీధి చెన్నరాయప్ప అదే అడిగాడు.

"సార్, పురుగులకే ఇట్ల కట్టం. గోడకు మట్టి ఎత్తుకుంటాం, పైన బోద పరుచుకుంటాం. కూలి కూడా ఇయ్యద్దు. ఊ అనండి చాలు."

"నక్షె పైన మంజూరైండాది. మార్చేకి నాకు అధికారం లేదప్పా."

"ఆ నక్షె గీసినాయన్ని ఒక మధ్యాన్నం ఈడ పండుకోమను సామీ. లేస్తే చూస్తాం!" అంది పక్క షెడ్డు కెంపమ్మ. అందరం నవ్వాం.

నాగేశ్ నవ్వలేదు. "రేకు మీద చెయ్యి పడితే కేసు పెడతా" అన్నాడు. మేం భయపడి ఊరుకున్నాం.

రంజితకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి షెడ్డుకే తెచ్చుకున్నాం. బాలింతకు గాలి తగలకూడదని, మా అమ్మ నాకు చేసినట్టే, నేనే ఆ సందులో గోనెపట్టలు కుక్కాను. తలుపు మూశాను. కుంపటి పెట్టాను. మట్టి ఇంట్లో నలుగురిని అట్లాగే పెంచాను మరి. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల పాలు పట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది.

"అవ్వా, ఏడ్చేది మానేసిందే" అంది రంజిత.

రోడ్డు మీదికి పరుగెత్తాం. బస్సు రాకముందే పిల్ల పోయింది.

నాగేశ్ పదిమందిలో అన్నాడు: "షెడ్డుదేం తప్పుండాది? ముసిల్దే సందు మూసి చంపుకునింది."

నేను తల ఎత్తలేకపోయాను. మూసింది నా చేతులే కదా. పచ్చి బాలింత, రంజితే లేచింది.

"అవ్వ మూసింది నిజమే. మట్టిల్లయితే నా బిడ్డ బతికుండేది. ఈ రేకుల్ని ఇల్లని మాకిచ్చింది ఎవురు? చెప్పప్పా."

నాగేశ్ బండెక్కి పోయాడు.

రేకులు విప్పి మట్టిగోడలు లేపుదామని మరునాడు అందరం కూడాం. "ఇదీ పీకేసుకుంటే యాడ పండుకుంటాం?" అన్నాడు బయ్యప్ప. అతనికి ఆరుగురు పిల్లలు.

"ఇంకా ఇద్దరు నెలలు నిండినోళ్లు ఉండారు బయ్యప్పా. వాళ్ల బిడ్డల్నీ ఇందులోనే కాలుద్దామా?" అంది కెంపమ్మ.

ఒక షెడ్డు రేకులు విప్పాం. ఆడా మగా మట్టి తొక్కాం. నాలుగు రోజుల్లో గోడలు లేచాయి, రెండేసి కిటికీలతో. ఐదో రోజు పోలీసులు యంత్రం తెచ్చారు. పచ్చి గోడలు, ఒక్క తోపుకే పడ్డాయి. సర్కారు ఆస్తి పాడుచేశారని చెన్నరాయప్పను, కెంపమ్మను, రంజితను వ్యానెక్కించారు.

వ్యాను కదిలాక బయ్యప్ప బిందెడు నీళ్లు తెచ్చి కూలిన మట్టి మీద పోశాడు. "ఏం చూస్తాండారు? తొక్కండి" అన్నాడు.

తొక్కాం. కట్టాం. మళ్లీ కూల్చారు. మేం లేపిన ఏ గోడా నిలవలేదు. కేసు ఏళ్లు నడిచింది. ఆ బిడ్డకు పేరైనా పెట్టలేదు.

మీరు పోయే ఊళ్లలో చెప్పండి. రేకులు ఎవరు ఇచ్చారో చెప్పండి, గోడలు ఎవరు కూల్చారో చెప్పండి, సందు ఎవరు మూశారో కూడా చెప్పండి. నా పేరు జయలక్ష్మమ్మ. అది దాచకండి.