వర్తించని ఒక్కరు

గాజు తలుపు వెనక చిన్న గదిలో ఆయన రొట్టె ముక్క నములుతూ ఏదో ఆలోచిస్తుండగానే తెర నల్లబడి పాస్‌వర్డ్ అడిగింది. రెండు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటరు మూసుకుపోవాలన్న నిబంధన పెట్టింది ఆయనే. ఏ నిబంధననైనా ముందు తన మీదే ప్రయోగించుకుంటాడు. అందుకోసం కంప్యూటరులో ఒక పరీక్ష గ్రూపు కూడా ఉంది. అందులో ఉన్నది ఆయనొక్కడే.

ఆఫీసులో ఆయన్ని తాళాలాయన అంటారు. ఎవరి తెర ఎప్పుడు మూసుకోవాలో, ఎవరు ఏది తెరవకూడదో ఆ గది నుంచే నిర్ణయమవుతుంది. ఆ పేరుకి అందరూ నవ్వితే ఆయనా నవ్వుతాడు, కాస్త ఆలస్యంగా. యంత్రాల కోసం గదిని చల్లగా ఉంచుతారు కాబట్టి ఎండాకాలంలోనూ స్వెట్టరే. మోచేతుల దగ్గర అది పలచబడి లోపలి చొక్కా గళ్ళు కనిపిస్తాయి.

ఫోన్ మోగింది. ఎవరో తెలిసినా రెండుసార్లు మోగనిచ్చాడు.

"నాయనా, మళ్ళీ నన్ను బయటికి గెంటేసింది నీ యంత్రం."

ఉత్తరాలు పంపే విభాగంలోని పెద్దావిడ. ఆఫీసంతటికీ పిన్నిగారే. వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి ఒక అక్షరం నొక్కబోతే రెండు పడతాయి. మూడుసార్లు తప్పితే ఆయనే తెరవాలి.

"తెరిచానండీ. ఇప్పుడు కొట్టండి."

"నా వేళ్ళకి నీ పాస్‌వర్డు కోతికి కొబ్బరికాయే. తిన్నావా?"

"తింటున్నానండీ."

"మళ్ళీ ఆ అట్టముక్కేనా?"

తిన్నావా అని ఆయన్ని అడిగే మనిషి ఇంకొకరు లేరు.

"అందరికీ పెట్టు. మరీ ఇబ్బంది పడేవాళ్ళుంటే వదిలెయ్, నీ ఇష్టం" అని ఈ నిబంధన పెట్టిన మొదటిరోజే మేనేజరు చెప్పాడు. తనని వదిలెయ్యమని పిన్నిగారూ అడిగింది. ఆయన మినహాయింపు గ్రూపు తయారుచేశాడు. ఆ గ్రూపుకి నిబంధన వర్తించదని గడిలో టిక్కు కూడా పెట్టాడు. ఆవిడ పేరు మాత్రం చేర్చలేదు. "చూద్దాం పిన్నిగారూ" అంటూ వచ్చాడు. చేరిస్తే ఇక ఫోన్ మోగదు.

మధ్యాహ్నం ప్రింటరు చూడ్డానికి ఆ విభాగం మీదుగా వెళ్ళాడు. పిన్నిగారు వెన్ను వంచి, పెన్సిలు తలకిందులుగా పట్టుకుని, వెనకున్న రబ్బరుతో ఒక్కో అక్షరమే పొడుస్తోంది. వణకకుండా ఆ చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. ఆయన్ని చూడలేదు. ఆయన పలకరించకుండానే గదికి తిరిగొచ్చి ఆవిడ పేరు చేర్చేశాడు.

చేర్చినంత మాత్రాన సరిపోదు. ఆవిడ ఒకసారి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్తేనే కంప్యూటరు ఆ మార్పును గుర్తిస్తుంది. తనే ఫోన్ చేసి చెప్పవచ్చు. చేయకుండా, అదే మోగేదాకా ఎదురుచూశాడు.

"తెరిచానండీ. ఒక్కసారి బయటికొచ్చి మళ్ళీ వెళ్ళండి పిన్నిగారూ. ఇక తాళం పడదు."

"ఇప్పుడెందుకులే నాయనా, ఇవాళ."

"ఒక్కసారే."

"సరే, నువ్వు చెప్పాక కాదంటానా." పెన్సిలు చప్పుడు చాలాసేపు వినిపించింది. "వెళ్ళాను. మంచి పని చేశావు." ఫోన్ పెట్టేసేముందు అంది, "ఆ స్వెట్టరు మోచేతులు కుట్టించుకో."

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. ఆయన రెండుసార్లు ఎత్తి చూశాడు, పనిచేస్తోంది.

సాయంత్రం ఏదో వైరు చేత పట్టుకుని ఉత్తరాల విభాగానికి వెళ్ళాడు. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. పక్క బల్ల అమ్మాయి సంచి సర్దుకుంటోంది.

"పిన్నిగారు వెళ్ళిపోయారుగా. ఉద్యోగం మానేశారు, ఇవాళే ఆఖరు. మీకు చెప్పలేదా?"

"లేదు."

"పోయిన నెలే రాసిచ్చేశారు. నా కుర్చీలో నేను కూర్చోడానికి ఇన్నిసార్లు తలుపు కొట్టుకోలేనమ్మా, ఈ వేళ్ళతో కాదు అన్నారు. ఇందాక మీకు చెబుదామని మీ గదివైపు వెళ్ళి, సగం దూరంలో వెనక్కొచ్చేశారు. చలి గదంట, ఏడుపొస్తే ముక్కు కారుతుందంట." అమ్మాయి నవ్వబోయి ఆగింది. "వెళ్తానండీ, బస్సు పోతుంది."

ఆయన పిన్నిగారి కుర్చీలో కూర్చున్నాడు. ఆపడం మరిచిపోయినట్టుంది, తెర వెలుగుతూనే ఉంది. మనుషులు లేచి వెళ్ళిన బల్లల మీద తెరలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. ఇదొక్కటే మూసుకోలేదు. నిబంధన చెప్పినట్టే నడుస్తోంది. చివరికి ఆయనే చేయి చాచి ఆపాడు.

కీబోర్డు పక్కన పెన్సిలు ఉండిపోయింది. రబ్బరు ఒక పక్కకి అరిగి నున్నబడింది, రాసే కొనని మాత్రం ఒక్కసారీ చెక్కలేదు.