పెటూనియా ఎక్కిన గుట్ట

మా ఆయన ఎల్స్‌వర్త్ తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో పడింది సరిగ్గా పుచ్చకాయల రోజుల్లో. బాల్టిమోర్‌లో గుర్రబ్బండి మీద పళ్ళమ్మేవాళ్ళు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు. ఆయన వాళ్ళలో ఒకరు. బండి నిండా కాయలు ఎక్కించి ఉన్నాయి, శాలలో గుర్రం పెటూనియా సిద్ధంగా ఉంది. నేను బడి వంటశాలలో పనిచేస్తాను. బడికి సెలవులు.

"నేను తోలుకెళ్తాలే" అన్నాను.

మంచం మీంచి తలెత్తి చూశారు. "మతిగానీ పోయిందా వెర్డెల్? పెటూనియా నీ మాట వినదు."

"నా మాట విననిది నువ్వొక్కడివే. అది వింటుంది."

పక్క మంచం ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఈయనకి ఒళ్ళు మండింది. "సరే, ఎటెళ్తావో చెప్పు."

"నువ్వెటెళ్తే అటే. పిగ్‌టౌన్, తర్వాత బోల్టన్ హిల్. రోజూ చెవులు చిల్లులు పడేట్టు చెప్తావుగా."

ఏదో చెప్పబోయారు. ఇంతలో నర్సు సూది పట్టుకొచ్చింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

మర్నాడు పిగ్‌టౌన్ సందుల్లోకి బండి తిప్పాను. చర్చిలో పాడే గొంతే నాది, కానీ నడివీధిలో కేకెయ్యాలంటే నోరు పెగల్లేదు. పాలరాతి మెట్ల మీద బనీనుతో కూర్చున్న పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమ్మా, పుచ్చకాయలమ్ముతున్నావా, పరామర్శకొచ్చావా?" అన్నాడు. మెట్ల మీద ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. రోషమొచ్చి ఒక్క కేక పెట్టాను. పెటూనియానే ఉలిక్కిపడింది. ఆ తర్వాత కాయలు బాగానే పోయాయి.

బోల్టన్ హిల్‌లో కేకలతో పనిలేదు. ఎత్తైన ఇళ్ళు, చెట్లనీడ. బండి గంట శబ్దం వింటే చాలు, తలుపులు తెరుచుకుంటాయి. "మీరు ఎల్స్‌వర్త్ గారి భార్యా? ఆయనకెలా ఉందండీ?" అని ఇంటింటా అడిగారు. ఒకావిడ చల్లటి నిమ్మరసం తెచ్చిచ్చింది. ఆయన పేరు ఇన్ని ఇళ్ళల్లో నలుగుతోందని నాకు ఆరోజే తెలిసింది.

ఇక ఇంటికే అనుకుని పగ్గం ఎడమకి లాగాను. పెటూనియా రాలేదు. మెడ బిగించి ఉత్తరం దారి పట్టింది. అరిచాను, బతిమాలాను, బండి దిగి కళ్ళెం పట్టుకుని లాగాను. ఊహూఁ. గుట్ట ఎక్కుతోంది. పైన హాంప్‌డెన్.

నాకు చెమటలు పట్టాయి. మా చిన్నప్పుడు అది తెల్లవాళ్ళ పేట. మాలాంటి నల్లపిల్లలు ఆ గుట్ట ఎక్కకూడదనేవాళ్ళు. మా అన్న లూథర్ ఒకసారి సైకిలేసుకుని అటెళ్ళి తలపగిలి తిరిగొచ్చాడు. వాడి చొక్కా ఉతికింది నేనే. అప్పట్నుంచీ నేనా పేటలో కాలుపెట్టలేదు. ఇప్పుడు రోజులు మారాయంటారు. అంటారు, అంతే.

ఎండ నిప్పులు చెరుగుతోంది. గుట్ట సగంలో పెటూనియా తూలింది. ముందుకాళ్ళు ముడుచుకుని, మెల్లిగా పక్కకి ఒరిగి, దారి మధ్యలో పడిపోయింది. బండి వాలి కాయలు కిందికి దొర్లాయి, కొన్ని పగిలాయి. నేను దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. ఎవర్ని పిలవాలో తెలీలేదు. పిలవాలంటే భయంగా కూడా ఉంది.

దబ్బున ఓ తలుపు తెరుచుకుంది. జుట్టు ఉంగరాలు తిరగడానికి ప్లాస్టిక్ చుట్టలు పెట్టుకున్న తెల్ల ముసలావిడ, చేతిలో బకెట్టు. "అయ్యో నా బంగారం! ఇది పెటూనియా కదూ?" అంటూ ఉరికొచ్చి నీళ్ళు గుమ్మరించింది. తర్వాత వీధంతా వినబడేలా కేకేసింది. "ఒరేయ్ డ్వేన్, పైపు పట్రా! ఏమిటలా నోరెళ్ళబెట్టి చూస్తారు, దుప్పట్లు తెండి!"

అంతే, ఇళ్ళల్లోంచి జనం కదిలారు. ఇద్దరు పట్టీలు విప్పి బండి వెనక్కి లాగారు. నలుగురు నాలుగు మూలలా దుప్పటి ఎత్తి పట్టి గుర్రానికి నీడ చేశారు. చెయ్యంతా పచ్చబొట్లున్న డ్వేన్ అదేపనిగా నీళ్ళు కొడుతున్నాడు. మూలమీద రంగుల ఐసు అమ్మే కుర్రది దుకాణం వదిలేసి ఐసు తట్ట మోసుకొచ్చింది. ఎవరో ఫోన్ చేసి పశువుల డాక్టర్ని రప్పించారు. ఆయన నాడి చూసి, "ఎండదెబ్బ. మీరు చేసేదే చేస్తూ ఉండండి" అన్నాడు.

ముసలావిడ పేరు ఇమోజీన్. నా పక్కనే నేలమీద చతికిలబడి నా మెడకి కూడా ఐసు పెట్టింది.

"ఎల్స్‌వర్త్ ఏడీ?"

"ఆసుపత్రిలో. నేను ఆయన భార్యని. ఆయన ఇక్కడికి వస్తారని నాకు తెలీదు."

"తెలీదా? మా ఆయనకి గొంతులో పుండు లేచి ముద్ద దిగని రోజుల్లో, మెత్తగా పండిన పీచ్ పళ్ళు ఏరి తెచ్చేవాడు. ఊరికే ఇచ్చి పోవడం కాదు, బంగారం. ఆ అరుగు మీద కూర్చుని బేస్‌బాల్ గురించి ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. గొంతు పోయాక మా ఆయన కాయితం మీద రాసి మరీ తిట్టేవాడు. ఆయన చివరి వారం కూడా ఎల్స్‌వర్త్ వచ్చాడు. నా దుఃఖంలో ఆ మనిషికి సరిగ్గా కృతజ్ఞతైనా చెప్పుకోలేదు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. అంతలో పెటూనియా పెద్దగా నిట్టూర్చి, కాళ్ళు తన్ని, లేచి నిలబడింది. వీధంతా చప్పట్లు కొట్టింది. నేను భోరుమన్నాను. పగలని కాయలన్నీ కోసి అందరికీ పంచాను. ఎవరూ వద్దనలేదు. చల్లబడ్డాక డ్వేన్ మా గుర్రాలశాల దాకా పక్కన నడిచొచ్చాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రికెళ్ళి అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "చెప్తే పంపేదానివా? లూథర్ గుర్తొచ్చి నిద్రపోయేదానివా?"

"మరి నీకు భయం వెయ్యలేదూ?"

"మొదట్లో వేసింది. ఓ రోజు ఇమోజీన్ వాళ్ళ ముసలాడు అరుగు మీంచి పిలిచి మంచినీళ్ళిచ్చాడు. ఎండలో నడిచేవాడికి అంతకన్నా ఏం కావాలి చెప్పు?"

ఆయన ఇంటికొచ్చిన ఆదివారం తలుపు చప్పుడైంది. చూస్తే ఇమోజీన్, చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న ఉడికించిన పీతల సంచి. రెండు బస్సులు మారి వచ్చిందట.

"పుట్టింది ఈ ఊళ్ళోనే, కానీ మీ పేటకి రావడం ఇదే మొదలు" అంది లోపలికొస్తూ. "రావద్దని మా అమ్మ భయపెట్టేది. బస్సులో వణుక్కుంటూనే కూర్చున్నా. దిగగానే ఓ పిల్లాడు సంచి అందుకుని, మీ ఇల్లు చూపించి వెళ్ళాడు."

పీతల పెంకులు పడడానికి బల్లమీద పాత పేపర్లు పరిచాను. లూథర్‌ని కూడా పిలిచాను. వాడు గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. ఇమోజీన్ తనపక్క కుర్చీ లాగి, "రా నాయనా, చల్లారితే బాగుండవు" అంది. వాడొచ్చి కూర్చున్నాడు.

భోజనం ముందు ప్రార్థన ఎల్స్‌వర్త్ చెప్పాలి. తల వంచారు, మళ్ళీ ఎత్తి లూథర్ వైపు చూశారు. లూథర్ అందుకుని, "అందరం ఇక్కడున్నాం ప్రభువా, నీకు వందనాలు" అన్నాడు. నేను పీతలు వడ్డించాను.